ఈసారి మనమే విలన్లమా? ఆటగాళ్లకు ఒక బహిరంగ లేఖ

గేమ్ మాస్టర్ దగ్గర "ఈసారి విలన్లుగా ఆడదాం" అని ప్రతిపాదన పెట్టబోతున్న ఆటగాళ్లందరికీ,

నమస్కారం.

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటల సంగతి ఇది. మిగతా లోకాన్నీ, అందులో ఎదురయ్యే మనుషుల్నీ నడిపేది గేమ్ మాస్టర్, అంటే నేను. విలన్లుగా ఆడదామన్న మాట నేను ఏడెనిమిదిసార్లు విని ఉంటాను. అదెప్పుడూ ఒకే సందర్భంలో వస్తుంది. పెద్ద క్యాంపెయిన్ ఒకటి, అంటే ఒక్కో పూట ఒక్కో సెషన్‌గా వారాల తరబడి సాగే కథ, అప్పుడే ముగిసి ఉంటుంది. డ్రాగన్ చచ్చింది, రాజ్యం నిలిచింది, అందరూ పాచికలు సంచుల్లో వేసుకుంటూ, తమ పాత్రల వివరాలు రాసుకున్న క్యారెక్టర్ షీట్లు మడతపెడుతూ ఉంటారు. అంతలో ఎవరో ఒకరు, "ఎంతసేపూ మంచివాళ్లమేనా? ఈసారి మనమే విలన్లమైతే?" అంటారు. బల్ల చుట్టూ ఒక్కసారిగా ఊపు వస్తుంది. నాకూ వస్తుంది, అబద్ధమెందుకు. దుర్యోధనుడి వేషం ఇస్తామంటే కాదనేదెవరు?

రెండుసార్లు సరేనన్నాను. మొదటిది ఆరో సెషన్ తర్వాత ఆగిపోయింది. "షెడ్యూల్ కుదరడం లేదు" అని అందరం అనుకున్నాం గానీ, అవే షెడ్యూళ్లు అంతకుముందు రెండేళ్లు చక్కగా కుదిరాయి. రెండోది మాత్రం ఎక్కడ ముగించాలనుకున్నామో అక్కడే ముగిసింది. నా వైపునా తప్పులున్నాయి, వాటి సంగతీ చెబుతాను. కానీ ఆ రెండు ఆటల మధ్య అసలు తేడా బల్లకి అటువైపు కూర్చున్నవాళ్లు ఏం తెచ్చుకున్నారన్న దగ్గరే ఉంది. అందుకే ఈ ఉత్తరం తోటి గేమ్ మాస్టర్లకు రాయకుండా మీకు రాస్తున్నాను. విలన్ల ఆటలో బరువు నా వైపు నుంచి మీ వైపుకి జరుగుతుంది. మీరేమో సెలవు చీటీ అనుకుంటూ ఓవర్‌టైమ్‌కి సంతకం పెడుతుంటారు.

మొదటి క్యాంపెయిన్‌లో నలుగురు. ఒక దొంగ, ఒక మాంత్రికుడు, ఒక కిరాయి సైనికుడు, మృత్యుదేవతను కొలిచే పూజారిణి. ఆడినవాళ్ల పేర్లు అనవసరం, పాత్రల పేరుతోనే పిలుస్తాను. షీట్ మీద ప్రతి పాత్రకీ అలైన్‌మెంట్, అంటే అది మంచిదా చెడ్డదా, కట్టుబాటుకి లొంగేదా కాదా అన్నది రాసుకుంటారు. ముగ్గురి షీట్ల మీద కేయాటిక్ ఈవిల్, అంటే ఏ కట్టుబాటూ లేని చెడు అని ఉంది. పూజారిణి ఒక్కతే న్యూట్రల్ ఈవిల్.

ఈ అలైన్‌మెంట్ గొడవ పాతదే. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 1974లో తొలిసారి వచ్చినప్పుడు అవి మూడే: లా (క్రమం), న్యూట్రాలిటీ (తటస్థం), కేయాస్ (అరాచకం). నువ్వు ఏ పక్షం అన్నదే అక్కడ ప్రశ్న. 1978లో అదే ఆట అడ్వాన్స్‌డ్ రూపానికి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చేనాటికి మంచి చెడు అనే రెండో గీత కూడా చేరి మొత్తం తొమ్మిది గళ్లయ్యాయి. వాటిలో మూడు ఈవిల్‌వి. ఆ గళ్ల మీద వాదించుకోని టేబుల్ నేను చూడలేదు. పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట వాళ్లు 2023లో రూల్‌బుక్కులు తిరగరాసినప్పుడు అలైన్‌మెంట్‌ని మొత్తానికే ఎత్తేశారు. నాకైతే ఆ గళ్లంటే చిరాకేం లేదు. కాకపోతే కేయాటిక్ ఈవిల్ అని రాసుకునే ఆటగాడు చాలాసార్లు స్వభావం రాసుకోడు, లైసెన్స్ రాసుకుంటాడు. ఆ పాత్రకి ఏం కావాలి, ఎవరి మీద కోపం, ఏం పోతుందని భయం, ఇవేవీ ఆ గడిలో ఉండవు. ఏం చేసినా అడగొద్దు అన్న ఒక్క మాటే ఉంటుంది.

నాకు తొలి సెషన్‌లోనే తెలిసిపోవాల్సింది. ఏరు దాటించే ముసలి పడవవాడొకడిని పెట్టాను. అతని నడుముకి ఒక తోలు సంచి, సంచిలో ఒక ఉత్తరం, ఆ ఉత్తరంలో దీవి మీద దాచిన ఖజానా వివరం, దాని హక్కు కోసం కొట్టుకుంటున్న ఇద్దరు ప్రభువుల కథ. నా నోట్‌బుక్‌లో మూడు పేజీలు. పడవ ఏటి మధ్యకి వచ్చాక కిరాయి దగ్గర మాటామాటా పెరిగింది. "వీణ్ణి నీళ్లలోకి తోసేస్తున్నా" అన్నాడు దొంగ. పాచిక వేశాడు. ఇరవైకి పదహారు, అనుకున్నది జరిగినట్టే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ముసలివాడితో పాటు సంచీ, ఉత్తరం, నా మూడు పేజీలూ ఏట్లో కలిశాయి. ఆ తర్వాత తేలిందేమిటంటే, నలుగురిలో ఒక్కరికీ తెడ్డు వేయడం రాదు. అరగంట సేపు ఆ పడవ గిర్రున తిరుగుతూనే ఉంది. ఆ అరగంటా కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నామని ఒప్పుకోవాలి. విలన్ల ఆట మొదటి సెషన్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. అదే దాంతో వచ్చిన చిక్కు.

ఆటలో ఎదురయ్యే ప్రతి మనిషీ మీకొక తలుపు. అతని వెనక ఒక వార్త ఉంటుంది, ఒక అప్పు ఉంటుంది, ఒక అన్న ఉంటాడు. హీరోలు ఆ తలుపు తడతారు. మా నలుగురూ కనిపించిన తలుపునల్లా తగలబెట్టుకుంటూ పోయారు. సరుకులమ్మేవాణ్ణి దోచారు. సమాచారం అమ్మేదాన్ని సమాచారం విన్నాక చంపారు, "ఇంకెవరికైనా చెప్తుందేమో" అని. అందులో తర్కం ఉంది, కాదనను. ఐదో సెషన్ ముందు కూర్చుని ఒక లెక్క వేశాను. వాళ్లకి పేరు తెలిసి, ఇంకా బతికున్న మనిషి ఆ ప్రపంచం మొత్తంలో ఒక్కడు మిగిలాడు. వాడూ జైల్లో ఉన్నాడు కాబట్టి మిగిలాడు.

ఇక రెండో చిక్కు. దీన్ని ఎవరూ ముందుగా ఊహించరు. నేనూ ఊహించలేదు.

హీరోల కథ నడవాలంటే ముందు విలన్ ఏదో ఒకటి చెయ్యాలి. ఊరు తగలబెట్టాలి, రాకుమారుణ్ణి ఎత్తుకుపోవాలి, చావులేని వరం కోసం ఎక్కడో యజ్ఞం మొదలుపెట్టాలి. హీరోలు దానికి జవాబు చెబుతారు. అంటే ఇన్నాళ్లూ కథని ముందుకి తోసింది నేను, నా విలన్లు. మీరు వాళ్లని ఆపుతూ వచ్చారు. ఇప్పుడు విలన్లు మీరే అయ్యారు. మరి ముందుగా కదలాల్సింది ఎవరు?

రెండో సెషన్ మొదలైంది. "మీరు అడవి అంచున ఉన్నారు. ఎదురుగా కోట ఉన్న పట్నం. ఏం చేస్తారు?" అన్నాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాంత్రికుడు పాచికలతో గోపురం కడుతున్నాడు. "ఏదైనా దోచుకుందామా?" అన్నాడు దొంగ. "ఏం దోచుకుందాం?" అన్నాను. "ఏముంది అక్కడ?" అన్నాడు. చూశారా, మళ్లీ నా దగ్గరికే వచ్చారు. పట్నంలో ఏముందో నేను చెప్పాలి, ఏది కావాలో నేను చెప్పాలి, ఎందుకు కావాలో కూడా నేనే చెప్పాలి. అప్పుడు వాళ్లు విలన్లు కారు, నల్ల అంగీ తొడుక్కున్న పాత హీరోలే. రాజుగారి బదులు ఒక మాంత్రిక ప్రభువు పని చెబుతాడు, వీళ్లు వెళ్లి చేసుకొస్తారు. నేను చివరికి చేసింది అదే. ఒక యజమానిని పెట్టాను. యజమాని కింద పనిచేసే విలన్ల కథ బాగా రాస్తే నడుస్తుంది. పాత్‌ఫైండర్ ప్రచురించే పైజో వాళ్లు 2016లో తెచ్చిన హెల్స్ వెంజెన్స్ అనే క్యాంపెయిన్‌లో ఆటగాళ్లు నరకంతో ఒప్పందం ఉన్న ఒక రాజవంశం పక్షాన తిరుగుబాటుదారుల మీద పోరాడతారు, అక్కడ యజమాని ఉండడమే ఆటకి వెన్నెముక. మా టేబుల్ మీద మాత్రం యజమాని మూడో సెషన్‌లోనే పోయాడు. ఎందుకు చంపారని అడిగితే, "మాకు ఆర్డర్లు ఇస్తే ఊరుకుంటామా?" అన్నారు. సొంతంగా ఏం చెయ్యాలో తోచదు, ఇంకొకరు చెబితే పడదు. ఆటలోనే కాదు లెండి, మామూలు మనుషుల్లోనూ ఈ రకం ఉన్నారు.

ఇప్పుడు నాలుగో సెషన్ గురించి రాయాలి. ఈ ఉత్తరం అసలు దాని గురించే.

రాత్రి విడిది. కాపలా ఎవరు కాస్తారని అడిగాను. మొదటి జాము దొంగది. అతను ఒక చిన్న కాగితం మడిచి, బల్ల మీద వేలితో నా వైపు నెట్టాడు. విప్పి చూశాను. "మాంత్రికుడు నిద్రపోయాక గొంతు కోస్తాను. ఎర్ర రాయి తీసుకుంటాను." ఆ రాయి అంతకుముందు సెషన్‌లో దొరికింది, దాని గురించి ఇద్దరికీ చిన్న మాటపట్టింపు కూడా వచ్చింది. నేను తలెత్తి చూశాను. మాంత్రికుడు ఆడుతున్నతను తన స్పెల్స్ లిస్టులో రేపటికి ఏవి సిద్ధం చేసుకోవాలో పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటున్నాడు. అతను ఆ పాత్రకి నాలుగు పేజీల గతం రాసుకొచ్చాడు. చనిపోయిన గురువు, దొంగిలించిన గ్రంథం, ఎప్పటికైనా తెరవాల్సిన ఒక సమాధి. ఆ సమాధి నా మ్యాప్‌లో ఉంది. ఇంకో రెండు సెషన్లలో చేరేవాళ్లం.

అక్కడే ఆపాల్సింది. కాగితం పక్కన పెట్టి, ఇద్దరినీ చూసి, "ఒక నిమిషం, ఆట బయట మాట్లాడుకుందాం" అనాల్సింది. అనలేదు. రూల్స్ ఒప్పుకుంటున్నాయి కదా అనుకున్నాను. పాచిక వెయ్యమన్నాను. పదిహేడు. నిద్రలో ఉన్నవాడి మీద దెబ్బ, ఇక లెక్కలు చూసేదేముంది.

"ఏంటి, నేను చచ్చిపోయానా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. దొంగ భుజాలెగరేసి, "నా పాత్ర అలాగే చేస్తుంది మరి" అన్నాడు. మాంత్రికుడు ఇంకేం మాట్లాడలేదు. తన పాచికల్ని ఒక్కొక్కటిగా తీసి సంచిలో వేసుకున్నాడు. ముందు నాలుగు ముఖాలది, తర్వాత ఆరు, ఎనిమిది, చివరికి ఇరవై ముఖాలది. ఎప్పుడూ గుప్పెట్లో పట్టి ఒకేసారి వేసేసుకునే మనిషి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాతి వారం కొత్త పాత్రతో వచ్చాడు. షీట్ మీద గతం అన్న చోట "లేదు" అని రాసి ఉంది.

"నా పాత్ర అలాగే చేస్తుంది." ఈ వాక్యం ప్రతి టేబుల్ మీదా ఏదో ఒకరోజు వినబడుతుంది. అందులో నిజం ఉంది కాబట్టే దానికి జవాబు చెప్పడం కష్టం. అయితే ఆ పాత్రని రాసిందెవరు? గది అవతల నుంచి అది దానంతట అది నడిచి రాలేదు. నిద్రపోయే తోటివాడి గొంతు కోసే పాత్రని, వారానికోసారి నలుగురు కూర్చుని ఆడే ఆటకి మీరే ఎంచుకుని తెచ్చారు. నిజంగా అలాంటి మనిషే కావాలంటే సరే, కానీ అలాంటివాడు కూడా ఈ ముగ్గురితో ఎందుకు కలిసి తిరుగుతున్నాడో మీరే కారణం వెతకాలి. హీరోల జట్టుకి ఆ కారణం అక్కర్లేదు. లోకాన్ని కాపాడాలి, అది చాలు. విలన్లకి లోకం ఊరికే కారణం ఇవ్వదు.

దీనికి మనం ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. దుష్ట చతుష్టయం అన్న మాట మనకి చిన్నప్పటి నుంచి తెలిసిందే. దుర్యోధనుడు, దుశ్శాసనుడు, కర్ణుడు, శకుని. లెక్కకి సరిగ్గా నలుగురి పార్టీ. ఆ నలుగురిలో ఎవరైనా ఎవరి గొంతైనా కోశారా? కర్ణుణ్ణి కులం అడిగి అవమానిస్తున్న చోట దుర్యోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యం ఇచ్చాడు. ఆ ఒక్క పనికి కర్ణుడు జీవితమంతా కట్టుబడ్డాడు. నువ్వు పాండవుల్లో పెద్దవాడివి, రాజ్యం నీదేనని స్వయంగా కృష్ణుడే వచ్చి చెప్పినా కదల్లేదు. దుశ్శాసనుడికి అన్న మాటే వేదం. ఇక శకుని. జనం చెప్పుకునే కథలో అతనికి లోపల వేరే పగ ఉంది, చేతిలో పాచికలూ దానికోసమే ఉన్నాయి. అయినా ఆ పగ తీరే దారి దుర్యోధనుణ్ణి ముందుకి తోసే దారే కాబట్టి చివరిదాకా జట్టు విడవలేదు. రహస్య ఎజెండా పెట్టుకోవాలనుకునే ఆటగాళ్లు నేర్చుకుంటే శకుని దగ్గర నేర్చుకోవాలి. మీ రహస్యం పార్టీని లోపలికి లాగాలి, చీల్చకూడదు. అటు లంకలో కుంభకర్ణుణ్ణి చూడండి. నువ్వు చేసింది తప్పు అని అన్న మొహానే చెప్పాడు, చెప్పి వెళ్లి అతని కోసమే చచ్చాడు. ఒక్క సెషన్‌లో ఇంతకన్నా మంచి పాత్ర ఎవరు ఆడగలరు?

చెడ్డవాళ్లకి బంధాలుండవని మనకి ఎవరు చెప్పారో తెలియదు. ఆ పాత కథల్లో చెడు భయపెట్టేది బంధాల వల్లే.

ఇంకో విషయం, ఇది కాస్త ఇబ్బందైనది. ఐదో సెషన్‌లో ఒక బందీ నుంచి నిజం రాబట్టాలి. కిరాయి సైనికుడు చిత్రహింస మొదలుపెట్టాడు. మొదట్లో "వేళ్లు విరుస్తాను" దగ్గర ఉంది. నేను ఆ బందీ గొంతుతో అరిచాను, అది నా తప్పు, అరుపు బాగా వచ్చిందని వాళ్లు ఇంకా పెంచారు. తర్వాతి పది నిమిషాలు వివరంగా రాయను. రాయలేకపోవడమే కొలత అనుకోండి. పూజారిణి ఆడుతున్నామె ఆ పది నిమిషాలూ ఫోన్ చూసుకుంటూ ఉంది. మామూలుగా ఆమె ఫోన్ సంచిలోంచి తీయదు. ఆరో సెషన్‌కి పని ఉంది రాలేనంది. ఆ తర్వాత అందరికీ పనులు వచ్చాయి.

ముందుగా అడిగి ఉంటే ఇలా జరిగేది కాదు. అడగడానికి పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి, మా బల్ల మీద లేవంతే. ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ చెప్పిన లైన్స్ అండ్ వెయిల్స్ (గీతలు, తెరలు) పద్ధతిలో ఆట మొదలవకముందే రెండు జాబితాలు వేసుకుంటారు. ఈ కథలోకి అసలు రాకూడనివి లైన్లు. వచ్చినా తెర వెనక జరిగిపోవాల్సినవి వెయిల్స్, "తలుపు మూసుకుంది, తెల్లారింది" అన్నట్టు. జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేసిన ఎక్స్-కార్డ్ ఇంకా సులువు. ఒక కార్డు మీద ఎక్స్ రాసి బల్ల మధ్యలో పెడతారు. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సంగతి అక్కడితో వదిలేసి ముందుకి వెళ్లాలి. ఎందుకని అడగకూడదు. "మా గ్రూపుకి ఇవన్నీ అవసరమా, పదేళ్ల స్నేహం మాది" అని నేనూ అన్నవాణ్ణే. స్నేహం ఉంది కాబట్టే ఆమె నోరు తెరిచి చెప్పలేకపోయింది. హీరోల ఆటలో ఈ జాబితాలు లేకపోయినా చాలాసార్లు గట్టెక్కుతాం, ఎందుకంటే పాత్రలకే హద్దులుంటాయి. విలన్ల ఆటలో ఆ హద్దు పాత్రకి ఉండదు, ఆటగాడే పెట్టుకోవాలి.

ఇక నా తప్పులు. దొంగ హత్య చేసినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ మంట మీద ఐదో సెషన్‌లో పట్నం కాపలాదళాన్ని దించాను. పన్నెండు మంది, ప్రతివాడూ వీళ్లకన్నా రెండు లెవెల్స్ పైన. ఏ సరుకుల కొట్టు ముందు చూసినా వాళ్లే. పైకి పర్యవసానం అన్నాను, లోపల అది శిక్ష. ఆటగాళ్లకి ఆ తేడా క్షణంలో తెలిసిపోతుంది. విలన్లుగా ఆడడానికి నేనే ఒప్పుకుని, విలన్ పని చేసినందుకు నేనే కొట్టడం ఏం న్యాయం? అలాగని పర్యవసానాలు వద్దని కాదు. అవి ముందే కనబడేలా ఉండాలి. ఇంత చేస్తే ఇంత వస్తుందని ఆటగాడు లెక్క వేసుకోగలగాలి.

ఈ విషయంలో కొన్ని ఆటలు మనకన్నా చాలా ముందే ఆలోచించాయి. 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో అందరూ నేరస్థులే. ఆ ఆటలో మీ ఒక్కొక్కరి షీట్‌తో పాటు ముఠాకి కూడా ఒక షీట్ ఉంటుంది. హంతకులా, స్మగ్లర్లా, మతం పేరుతో నడిచే ముఠానా అని మొదటే తేల్చుకోవాలి. అంటే "మనం కలిసి ఎందుకున్నాం" అన్న ప్రశ్నకి జవాబు ఆట మొదలవకముందే కాగితం మీద ఉంటుంది. పని చేసిన ప్రతిసారీ హీట్, అంటే ముఠా మీద పడే కాపలాదళం కన్ను, పెరుగుతుంది. హీట్‌కి ఉన్న తొమ్మిది గళ్లూ నిండితే వాంటెడ్ లెవెల్ ఒక మెట్టు ఎక్కుతుంది. శవం వదిలితే హీట్ ఇంకా పెరుగుతుందని అందరికీ తెలుసు, కాబట్టి పడవవాణ్ణి ఏట్లోకి తోసే ముందు ఒక్క క్షణం ఆగుతారు. గేమ్ మాస్టర్ కోపం తెచ్చుకోవాల్సిన అవసరమే రాదు. ఆటగాళ్లు రక్తపిశాచులుగా ఆడే 1991 నాటి వాంపైర్: ద మాస్కరేడ్ ఇంకో దారి పట్టింది. అక్కడ హ్యుమానిటీ అని ఒక కొలత ఉంటుంది. ఘోరాలు చేసేకొద్దీ అది జారుతుంది. సున్నాకి చేరితే పాత్ర మృగమైపోయి మీ చేతిలోంచి జారిపోతుంది. చెడ్డపని చేయొద్దని ఆట అనదు. ఎంత వదులుకుంటావో చూసుకో అంటుంది.

మరి వెన్నుపోటు సరదా కావాలంటే? దానికీ ఆటలున్నాయి. 1984లో వచ్చిన పారనోయియాలో తోటివాణ్ణి ద్రోహి అని పట్టివ్వడమే పని. కానీ అక్కడ ఒక్కో పాత్రకి ఆరు క్లోన్లు, చచ్చినవాడి తర్వాతి నకలు వెంటనే తలుపు తోసుకుని వచ్చేస్తుంది, నవ్వు ఆగదు. 2009 నాటి ఫియాస్కోలో గేమ్ మాస్టరే లేడు. అత్యాశకి పోయిన చిన్న నేరస్థులు ఒక్క పూటలో సర్వనాశనం అవుతారు. గమనించండి, రెండింటిలోనూ వెన్నుపోటుకి ముందే చోటు కట్టి ఉంది. నాలుగు పేజీల గతం రాసుకుని నెలల తరబడి మోస్తున్న పాత్ర మీద అదే జోక్ వేస్తే నవ్వు రాదు. ద్రోహం చెయ్యాలని చెయ్యి దురదపెడుతుంటే ఒక పూట ఆట పెట్టుకోండి. సాయంత్రానికి అందరూ చచ్చి, అందరూ హాయిగా ఇంటికెళతారు.

రెండో క్యాంపెయిన్ గురించి కొంచెం చెబుతాను. అదే గ్రూపులో ఇద్దరు, ఇంకో ముగ్గురు కొత్తవాళ్లు. సెషన్ జీరో, అంటే ఆట మొదలవకముందు అందరూ కూర్చుని మాట్లాడుకునేది, ఒక పూటంతా పట్టింది. నేను పెట్టిన షరతులు ఎక్కువేం లేవు. మొత్తం పది సెషన్లు, ఆ తర్వాత అయిపోతుంది. ఉమ్మడిగా ఒక కోరిక ఉండాలి, దాన్ని మీరే చెప్పాలి. వాళ్లు అరగంట గొడవపడి, తమని వెళ్లగొట్టిన కోటని తిరిగి పట్టుకోవాలి అన్నారు. మూడోది, ప్రతివాళ్లూ షీట్ వెనక ఒక పేరు రాయాలి. ఈ లోకంలో నీ పాత్ర ఎవరికి హాని చెయ్యదు? పార్టీలోంచి ఒకరు, బయటి నుంచి ఒకరు. చిన్న షరతే కదా అనుకున్నాను. ఆట మొత్తాన్ని అదే మోసింది. ఎర్రజుట్టు హంతకురాలు తన చెల్లెలి పేరు రాసింది. ఆ చెల్లెలు శత్రువుల కోటలో వంటగదిలో పని చేస్తోందని నేను మూడో సెషన్‌లో చెప్పినప్పుడు, కోట గోడలు కూల్చే పథకం వేసుకున్న ఐదుగురూ ఆ రాత్రంతా కూర్చుని పథకం మార్చారు. నేను ఒక్క ముక్క మాట్లాడాల్సిన పని పడలేదు. బల్లకి ఇటువైపు కూర్చుని చూస్తూ ఉన్నాను. ఆటగాళ్లు కథని తోస్తే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

ఏడో సెషన్‌లో కోట పట్టుకున్నారు. చిత్రహింసలు లేవు, అవి మా లైన్ల జాబితాలో మొదటిది. అయినా ఆ ఆటలో నన్ను భయపెట్టిన క్షణం అక్కడే ఉంది. పాత ప్రభువు శవం ఇంకా మెట్ల మీదే ఉంది. కోట లెక్కలు రాసే ముసలి గుమాస్తా చంకలో దస్త్రం పెట్టుకుని, ఆ శవం పక్కనుంచి జాగ్రత్తగా అడుగులేస్తూ వచ్చి నిలబడ్డాడు. "అయ్యా, పన్ను వసూలు రేపు మొదలవ్వాలి. పాత రేటేనా, కొత్త రేటు రాసుకోమంటారా?" అని అడిగాను అతని గొంతుతో. ఐదుగురూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. చాలాసేపటికి హంతకురాలు, "రెండింతలు రాసుకో" అంది. గుమాస్తా తల వంచి రాసుకున్నాడు. ఆ రాత్రి ఆట అక్కడే ఆపేశాం. విలన్లుగా ఆడాలని ఎందుకు అనిపిస్తుందో నాకు ఆ రోజు అర్థమైంది. మొదటి క్యాంపెయిన్‌లో పోయిన శవాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటంత బరువు లేదు.

పదో సెషన్‌లో వెన్నుపోటు కూడా జరిగింది. కోట ఒక్కరిదే కావాలి కదా. కాకపోతే ఆట మొదలవకముందే హంతకురాలు ఆడుతున్నామె సేనాపతి ఆడుతున్నతన్ని పక్కకి పిలిచి, "ఇవాళ నిన్ను చంపనా?" అని అడిగింది. అతను ఒక్క క్షణం ఆలోచించి, "చంపు, కానీ గుమాస్తా ఎదురుగా చంపు. వాడు దస్త్రంలో ఏం రాస్తాడో నాకు చూడాలనుంది" అన్నాడు. అలాగే చేశారు. గుమాస్తా సేనాపతి పేరు కొట్టేసి, కింద కొత్త పేరు రాసుకున్నాడు. చచ్చినతనే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

కాబట్టి అడగండి. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయలేదు. అడిగే రోజున మీ పాత్రకి ఏం కావాలో మీ దగ్గర ఉండాలి, ఎవరి కోసం ఆగుతుందో ఉండాలి, బల్ల మీదికి రాకూడనివి ఏమిటో ఉండాలి. ఇవి నేను సమకూర్చగలిగేవి కావు. పట్నాలు, కోటలు, కాపలాదళాలు నేను చూసుకుంటాను.

మా వాళ్లు మళ్లీ అడిగారు. వచ్చే నెల మొదలు. మాంత్రికుడు కూడా వస్తానన్నాడు, ఈసారి గతం ఒక పేజీయే రాస్తున్నాడట. పడవవాణ్ణి మళ్లీ పెడుతున్నాను. ఉత్తరం ఈసారి అతని సంచిలో ఉండదు, అది మాత్రం చెప్పగలను. ఎందుకైనా మంచిది, తెడ్డు వేయడం ఎవరికొచ్చో ముందే చూసుకుని రండి.

ఇట్లు,
బల్లకి ఇటువైపు కూర్చునే మీ గేమ్ మాస్టర్